శనగ మొక్కలు 25 రోజులకే చచ్చిపోతుంటే ఏ మందు కొట్టాలి? సోయాబీన్‌కు మారితే ఈ తెగులు పోతుందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో మళ్లీ చెబుతాను, తేడా ఉంటే దిద్దండి. కందుకూరు దగ్గర 6 ఎకరాల నల్లరేగడి కౌలుకు తీసుకున్నారు. పచ్చిరొట్టగా, అంటే పచ్చిగా ఉండగానే నేలలో దున్నే ఎరువుగా, జనుము కలియదున్ని, వాన పడగానే జేజీ-11 రకం శనగ వేశారు. ఇప్పటికి 25 రోజులు. సాళ్లలో అక్కడక్కడ మొక్కలు పండుబారి చచ్చిపోతున్నాయి. షాపులో ఇచ్చిన మందు రెండుసార్లు కొట్టినా ఆగలేదు. మూడోసారి ఏం కొట్టాలి, వచ్చే ఏడు శనగ మానేసి సోయా వేస్తే ఈ బాధ తప్పుతుందా అన్నది మీ ప్రశ్న.

మూడోసారి ఏమీ కొట్టకండి. సోయాకు మారినా ఈ తెగులు పోదు. మీరు చెప్పిన గుర్తులు చూస్తే మొదలు కుళ్లు అనిపిస్తోంది. వేరు చూడకుండా ఖాయంగా చెప్పలేను. ఎలా చూడాలో, ఇప్పుడు ఏం చేయాలో, వచ్చే ఏడుకు ఏది ముందు మొదలుపెట్టాలో కింద రాస్తున్నాను. నేను దర్శి వైపు 20 ఏళ్లకు పైగా శనగ వేస్తున్నాను. అందులో కొన్నేళ్లు విత్తనం కోసం పండించాను. విత్తనపు చేలో బెరుకు మొక్కలు, అంటే కలిసిపోయిన వేరే రకం మొక్కలు, ఏరడానికి ప్రతి సాలూ నడవాలి కాబట్టి, చచ్చిన మొక్కల్ని నేను చూసినన్ని మా ఊళ్లో ఇంకెవరూ చూసి ఉండరు.

కొట్టిన మందు ఎందుకు పనిచేయలేదో ముందు చెబుతాను. ఎకరం నేలలో పై అరడుగు మట్టి తూకం వేస్తే దాదాపు 800 టన్నులు ఉంటుంది. మీరు ఎకరాకు 200 లీటర్ల నీళ్లలో 200 గ్రాముల మందు కలిపి కొట్టి ఉంటారు. అంటే చదరపు మీటరుకు 50 మిల్లీలీటర్ల నీళ్లు, టీ గ్లాసులో సగం. అందులోనూ సగం ఆకుల మీదే ఆగిపోతుంది. పైగా కార్బండాజిమ్ లాంటి అంతర్వాహిక మందులు మొక్కలో కింద నుంచి పైకి పోతాయి గానీ ఆకు మీద పడింది వేరుకు దిగదు. ఆకుమచ్చకు కొట్టినట్టు వేరుకుళ్లుకు కొడితే పడేది జేబుకు చిల్లే. మందు మంచిదా కల్తీదా అన్న అనుమానం తర్వాత సంగతి.

వేరు చూడటం

మొక్కను చేత్తో పీకకండి. పీకితే మనకు కావాల్సిన భాగమే నేలలో తెగి ఉండిపోతుంది. పూర్తిగా ఎండిన మొక్క కూడా వద్దు, దాన్ని అన్ని రకాల బూజులూ తినేసి ఉంటాయి. ఈరోజే వాడటం మొదలైన మొక్కల్ని నాలుగైదు చోట్ల ఎంచుకోండి. జానెడు దూరంలో పార దించి, మట్టిగడ్డతో సహా లేపండి. ఆ గడ్డను బకెట్ నీళ్లలో పావుగంట ఉంచితే రేగడి దానంతట అదే వదులుతుంది. అప్పుడు చూడండి.

మొదలు కుళ్లు అయితే వేరు దాకా పోనక్కర్లేదు. నేల మట్టానికి కాస్త కింద, కాడ మొదట్లో నొక్కుపోయి సన్నబడి ఉంటుంది. ఆ చోట తోలు గోధుమరంగుకు తిరిగి, వేలితో రుద్దితే జారిపోతుంది. తడి ఉన్న నేలైతే దూదిపింజ లాంటి తెల్లబూజు కాడను చుట్టుకుని కనిపిస్తుంది. దాని మీద ఆవగింజల్లాంటి గుండ్రటి గింజలు, మొదట తెల్లగా, తర్వాత గోధుమరంగులో ఉంటాయి. అవే స్క్లెరోషియం అనే శిలీంధ్రం విత్తనాలు అనుకోండి. మొలక దశ నుంచి నెల, నెలన్నర లోపు దీని కాలం. మొక్క చచ్చే ముందు పసుపుబారుతుంది. మీరు "పండుబారి" అన్న మాటే నన్ను ఇటు లాగింది.

ఎండు తెగులు అలా కాదు. ఇది ఫ్యుజేరియం అనే శిలీంధ్రం తెచ్చేది. లేత మొక్కకు వస్తే పసుపు కూడా తిరగదు, పచ్చగా ఉండగానే వాలి నేల మీద పడుకుంటుంది. పొద్దున బాగానే ఉంది, సాయంత్రానికి వేడినీళ్లు పోసినట్టు అయింది అంటారు చూడండి, అది ఇదే. కాడ మొదలు శుభ్రంగా ఉంటుంది, బూజు ఉండదు, వేరు పైకి చక్కగా కనిపిస్తుంది. బ్లేడుతో మొదలు దగ్గర నుంచి వేరు వెంట నిలువుగా చీల్చితే మాత్రం లోపల నడిమి గీత నల్లగా, ముదురు గోధుమరంగులో ఉంటుంది. నీళ్లు పైకి వెళ్లే గొట్టాలు పూడిపోయాయన్నమాట. విత్తిన మూడు వారాల నుంచి కాయ దశ దాకా ఎప్పుడైనా రావచ్చు.

మూడోది ఎండు వేరుకుళ్లు, మాక్రోఫోమినా అనే శిలీంధ్రం తెచ్చేది. ఇది మీ పైరు వయసులో సాధారణంగా కనిపించదు. పూత, కాయ దశలో, ఎండ 30 డిగ్రీలు దాటి, నేలలో పదును (తడి) తగ్గినప్పుడు వస్తుంది. చెట్టు నిలబడే ఉంటుంది, ఆకు రాలదు, మొత్తం గడ్డిరంగుకు తిరుగుతుంది. తవ్వి చూస్తే పక్కవేళ్లన్నీ పోయి తల్లివేరు ఒక్కటే నల్లగా మిగిలి ఉంటుంది. వంచితే ఎండు చితుకులా టప్పున విరుగుతుంది.

అన్నీ తెగుళ్లే అనుకోకండి. ఆకు అంచులు ఊదారంగుకు తిరిగి, మొక్క ఎదగక, చేలో పల్లపు మూల మాత్రమే పాడైతే చౌడు చూసుకోవాలి. శనగ చౌడును అసలు ఓర్చుకోదు. సముద్రం దగ్గరి పొలాల్లో ఉప్పు బోరు నీళ్లు పెట్టి, తెగులని మందులు కొట్టిన వాళ్లను చూశాను. చెదలు కొరికినా మొక్క ఎండుతుంది, వేరు మీద మట్టి పెచ్చు కనిపిస్తే చెదలే. ఆకు మందమై ఎర్రబారి, గిడసబారి, కాడ తోలు గీరితే కింద గోధుమరంగు కనిపిస్తే అది వైరస్, దాని దారి వేరు.

జనుము సంగతి

మీరు రాసిన వాటిలో నాకు బాగా అనుమానం కలిగించింది ఇదే. జనుము దున్నిన ఎన్ని రోజులకు విత్తారు? మీరు రాయలేదు. ఎందుకు అడుగుతున్నానంటే ఈ తప్పు నేనూ చేశాను.

ఒక ఏడాది వానలు ఆలస్యమై, పచ్చిరొట్టగా వేసిన పిల్లిపెసర ఏపుగా పెరిగేదాకా ఆగి, ట్రాక్టర్‌తో కలియదున్ని, పది రోజులకు వాన పడితే ఆ పదును పోతుందని ఆత్రంగా విత్తేశాను. మొలక బ్రహ్మాండంగా వచ్చింది. ఇరవై రోజులకు రెండు ఎకరాల చెక్కలో మూడో వంతు మొక్కలు పోయాయి. ఒక మొక్క మొదట్లో మట్టి తీసి చూస్తే, సగం కుళ్లిన పిల్లిపెసర కాడ ఒకటి శనగ మొదలుకు ఆనుకుని ఉంది. ఆ కాడ నిండా తెల్లబూజు. అక్కడి నుంచి దారం పోగులా పాకి శనగ కాడను పట్టుకుంది. అంతకుముందు చదివిన విషయమే, కంటితో చూశాక గానీ బుర్రకెక్కలేదు. పక్క చెక్కలో పచ్చిరొట్ట వేయలేదు, అదే విత్తనం, అదే రోజు విత్తాం, అక్కడ నూటికి రెండు మూడు మొక్కలు కూడా పోలేదు.

ఈ శిలీంధ్రం గింజలు పై రెండు మూడు అంగుళాల మట్టిలో నిద్రపోతూ ఉంటాయి. సగం కుళ్లిన ఆకు, కాడ, తడి, వెచ్చదనం మూడూ దొరికితే లేస్తాయి. ముందు ఆ చెత్తను తిని బలం పుంజుకుని అప్పుడు మన మొక్క మీద పడతాయి. వరి కొయ్యల్లో శనగ వేసినా ఇదే కథ. పచ్చిరొట్ట చెడ్డదని కాదు. అది పూర్తిగా చివికిన తర్వాతే విత్తాలి. కనీసం మూడు వారాలు, వాన లేకపోతే ఇంకా ఎక్కువ. గుప్పెడు మట్టి తీసి చూస్తే కాడలు చేతికి తగలకూడదు, పచ్చివాసన రాకూడదు. అప్పటిదాకా విత్తే గొర్రు కట్టొద్దు.

ఇప్పుడు ఏం చేయాలి

ముందు లెక్క తీయండి. చేలో ఐదు చోట్ల పది మీటర్ల సాలు కొలిచి బతికిన మొక్కలు లెక్కపెట్టండి. అడుగు సాళ్లలో మొక్కకు మొక్కకు 10 సెంటీమీటర్లుంటే పది మీటర్లకు 100 మొక్కలుండాలి. 85 పైన ఉంటే దిగులు పడకండి. శనగ ఖాళీ దొరికితే పక్కకు కొమ్మలు వేసి చాలావరకు పూడ్చుకుంటుంది. 60కి దిగితే ఆ చెక్క సంగతి ఆలోచించాలి. ఇప్పుడు ఖాళీల్లో మళ్లీ గింజలు గుచ్చడం మాత్రం దండగ. అవి ఎండల్లో పూతకు వచ్చి ఎటూ కాకుండా పోతాయి, కోత దగ్గర ఇబ్బంది అదనం.

చచ్చిన మొక్కల్ని మొదటి మట్టితో సహా తీసి పాత ఎరువుల సంచిలో వేసుకుని బయటికి తెచ్చి కాల్చండి. గట్టు మీద పడేయొద్దు, దిబ్బలో వేయొద్దు. దిబ్బలో వేస్తే వచ్చే ఏడు ఎరువుతో పాటు చేనంతా మీరే చల్లుకున్నట్టు.

నీళ్లు పెట్టకండి. పైమట్టి ఆరనివ్వండి. ఆరితే మొదలు కుళ్లు చాలావరకు దానంతట అదే ఆగుతుంది, నెలన్నర దాటితే కాడ ముదిరి పట్టు తప్పుతుంది. కలుపుకు గుంటక తోలేటప్పుడు మొదట్లోకి మట్టి ఎగదోయొద్దు.

తెగులు నాలుగైదు మచ్చల్లోనే ఉంటే, చచ్చిన మొక్కల చుట్టూ రెండు మూడు అడుగుల మేర బాగున్న మొక్కల మొదళ్లు తడిసేలా లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పోయవచ్చు. పిచికారీ కాదు, నాజిల్ తీసేసి పోయడం. ఆరెకరాలకూ పోయడం జరిగే పని కాదు. పోసినా పడిపోయిన మొక్క లేవదు, పక్కదానికి అంటకుండా ఉంటుందేమో అంతే. చీల్చి చూస్తే ఎండు తెగులు అని తేలితే ఈ పోయడం కూడా అనవసరం, డబ్బు దాచుకోండి.

ఫిబ్రవరి జాగ్రత్త

ఇప్పుడు గండం గడిచినా ఎండు వేరుకుళ్లు కాచుకుని ఉంటుంది. మా పక్క చేనాయన ఒక ఏడు కాక్-2 అనే తెల్ల శనగ వేశాడు. కాయ పోసుకునే సమయంలో వారం రోజుల్లో చేనంతా గడ్డిరంగుకు తిరిగింది. గట్టు మీద నుంచి చూస్తే ఒక విచిత్రం కనిపించింది. మధ్యలో గుండ్రంగా మూడు పచ్చటి చక్రాలు. బోరులో ఉన్న కొద్దిపాటి నీళ్లతో మూడు స్ప్రింక్లర్లు పదిరోజుల ముందు ఒక్కరాత్రి తిప్పాడట, నీళ్లు పడ్డంత మేర చేను నిలబడింది. అదే నేల, అదే విత్తనం, బూజు రెండు చోట్లా ఉంది. మొక్క దాహంతో నీరసపడితేనే అది పైచేయి అవుతుంది.

కాబట్టి నీటి సౌకర్యం ఉంటే పూతకు ముందు 35-40 రోజులప్పుడు ఒక తేలికపాటి తడి, గింజ కట్టేటప్పుడు ఇంకొకటి, వీలైతే స్ప్రింక్లర్‌తో. కాలవ పారించినట్టు పెట్టొద్దు, నిలువ నీరు శనగకు పడదు. మీకు ఇప్పుడు నీళ్లు వద్దని చెప్పి, తర్వాత పెట్టమంటున్నానేంటి అనుకోకండి. మొదటి తెగులు తడికి పుట్టేది, రెండోది ఎండకు పుట్టేది. 35 రోజుల నాటికి కొత్త మొక్కలు చావడం ఆగకపోతే ఆ మొదటి తడి వాయిదా వేయండి.

నీటి వసతి లేనివాళ్లకు విత్తే తేదీయే ఆయుధం. అక్టోబరు మొదట్లో నేల వెచ్చగా, తడిగా ఉన్నప్పుడు తొందరపడితే మొదలు కుళ్లు, నవంబరు దాటించి విత్తితే చివర్లో ఎండకు వేరుకుళ్లు. ఈ రెండింటి మధ్య కిటికీ చిన్నదే. తుపాను వస్తే అదీ మూసుకుపోతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన వైపు శనగ, పొగాకు చేలు ఎన్ని మునిగాయో మీకూ గుర్తుండే ఉంటుంది. మళ్లీ విత్తిన వాళ్లకు ఆలస్యం తప్పలేదు. అలాంటి ఏడు ఎవరి తప్పూ కాదు.

సోయా వేస్తే?

శనగ ఎండు తెగులు తెచ్చే ఫ్యుజేరియం రకం మాత్రం సోయాను పట్టదు. ఆ మేరకు మీ ఆలోచన నిజమే. కానీ అది శనగ లేకపోయినా ఆరేళ్లకు పైగా నేలలో బతికే రకం. ఒక్క ఏడు పంట మారిస్తే చచ్చిపోదు. ఇక స్క్లెరోషియం, మాక్రోఫోమినా రెండూ సోయాను శనగంత ఇష్టంగానూ తింటాయి. ఒక్కోదానికి కొన్ని వందల రకాల మొక్కలు ఆహారం. మాక్రోఫోమినా సోయాలో తెచ్చే తెగులుకు బొగ్గు కుళ్లు అని పేరు, కాడ తోలు కింద బొగ్గుపొడి చల్లినట్టు నల్లటి చుక్కలుంటాయి. మీ నేలలో ఉన్నది మొదలు కుళ్లే అయితే, చచ్చే మొక్క పేరు మారుతుంది, అంతే.

తెగులు సంగతి పక్కన పెట్టినా సోయా మనకు నప్పే పంట కాదని నా అభిప్రాయం. ఆదిలాబాద్, నిర్మల్ వైపు జూన్, జులై వానలకు వేస్తారు, సెప్టెంబరు, అక్టోబరుల్లో కోస్తారు. మనకు జూన్, జులైల్లో ఎండ మండుతుంది, అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లో. అంటే మొలవాల్సినప్పుడు నీళ్లుండవు, ఎండాల్సినప్పుడు కాయ నానుతుంది. దీనికి తోడు సోయా విత్తనం సుకుమారి. బస్తా ఎత్తి పడేసినా పైపొర చిట్లి మొలక పోతుంది. అందుకే ప్రభుత్వ ప్రమాణమే శనగకు 85 శాతం మొలక ఉండాలంటే సోయాకు 70 చాలంటుంది. అలాంటి గింజను బురద రేగడిలో వేస్తే మొలక పైకి రాకముందే కుళ్లుతుంది. పండినా మన చుట్టుపక్కల కొనేవాడిని వెతుక్కోవాలి.

పంట మార్చాలనుకుంటే గడ్డిజాతి వైపు చూడండి. వానాకాలంలో వరిగ, కొర్ర మన నేలకు తెలిసిన పంటలే. మొదలు కుళ్లు వీటి మీద పెద్దగా బతకలేదు. జొన్న కూడా మంచిదే గానీ చివర్లో నీళ్లు లేక ఎండితే మాక్రోఫోమినా జొన్ననూ పడుతుంది. ముందు పంటగా నువ్వులు, పెసర, వేరుశనగ వద్దు, అన్నీ ఆ బూజులకు బంధువులే.

వచ్చే ఏడుకు, వరుసగా

ఏప్రిల్, మే నెలల్లో లోతు దుక్కి. రోటవేటర్ కాదు, మట్టి తిరగబడే నాగలి. పైనున్న ఆవగింజల్లాంటి శిలీంధ్రం గింజలు అడుగుకు పోతే లేవలేవు, మిగిలినవి ఎండకు మాడతాయి. రోటవేటర్ చేసేది ఏమిటంటే ఒక మచ్చలో ఉన్నదాన్ని చేనంతా పంచడం. మా దగ్గర ఒక చేలో ఎండు తెగులు మచ్చ ఏటేటా పెరిగింది, గుండ్రంగా కాదు, ట్రాక్టర్ తిరిగే దిక్కునే పొడుగ్గా. కౌలు నేల కాబట్టి ఆ నేల మీద ఎన్నేళ్లుగా శనగ వేస్తున్నారో పక్క రైతును అడగండి, సొంతదారుడు చెప్పడు.

విత్తడానికి రెండు వారాల ముందు 2 కిలోల ట్రైకోడెర్మా విరిడె (తెగులు బూజులను అణిచే మంచి బూజు), 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి కలిపి, బెల్లం నీళ్లు చిలకరించి, చెట్టు నీడన గోనెపట్టాలు కప్పి ఉంచండి. పట్టా ఎత్తితే పచ్చటి బూజు పరుచుకుని కనిపించాలి. ఆకుపచ్చగా మారకపోతే ప్యాకెట్ పాతది, లేదా ఎండలో పెట్టి అమ్మినది. అది ఎకరానికి, నేలలో పదును ఉన్నప్పుడే చల్లాలి. పొడి దుక్కిలో చల్లితే మట్టికి మట్టి. మంచి ఫలితం ఒక్క ఏడాదికే ఆశించకండి, నాకు మూడో ఏడుకు తేడా తెలిసింది.

విత్తనశుద్ధి మాత్రం వదలొద్దు. కిలో విత్తనానికి 3 గ్రాముల థైరం, లేదా 2.5 గ్రాముల కార్బండాజిమ్. లేదూ అంటే 10 గ్రాముల ట్రైకోడెర్మా. కార్బండాజిమ్, ట్రైకోడెర్మా ఒకే గింజకు పట్టించకండి, మొదటిది రెండోదాన్ని చంపేస్తుంది. నేను గింజకు రసాయనం, నేలకు ట్రైకోడెర్మా వాడతాను. రైజోబియం (వేరు బుడిపెల్లో నత్రజని పట్టే బ్యాక్టీరియా) కలిపేట్టయితే అది చివర్లో, విత్తే ముందు, నీడలో ఆరబెట్టి. జేజీ-11కు ఎకరాకు 25-30 కిలోల గింజ పడుతుంది, ఎంత మందు వాడినా ఖర్చు మీరు ఇప్పుడు రెండుసార్లు కొట్టినదానికంటే చాలా తక్కువే.

విత్తనం గురించి ఒక మాట. జేజీ-11 ఎండు తెగులును తట్టుకునే రకమే. కానీ ఏళ్ల తరబడి సొంత గింజ దాచుకుంటే బెరుకు చేరుతుంది, ఫ్యుజేరియం గింజ ద్వారా కూడా వస్తుంది. ఒకసారి నేను ఒక దుకాణంలో నమ్మి తెచ్చిన బస్తాలో మూడు రకాల గింజ కలిసి ఉంది, చేను పూతకు వచ్చాక గానీ తెలియలేదు. మూడేళ్లకోసారి మార్చండి. ఎండు వేరుకుళ్లును గట్టిగా తట్టుకునే రకం అని ఎవరైనా అమ్మజూపితే మాత్రం నమ్మకండి.

అనుమానం తీరకపోతే దర్శి కృషి విజ్ఞాన కేంద్రానికి మొక్క తీసుకెళ్లండి. ప్లాస్టిక్ కవర్‌లో వద్దు, సాయంత్రానికి చెమటపట్టి అసలు తెగులు ఏదో తెలియకుండా కుళ్లిపోతుంది. మట్టితో సహా న్యూస్‌పేపర్‌లో చుట్టండి. ఇక్కడ ఫొటో పెట్టినా సరే, ఆకుల ఫొటోలు వద్దు. కడిగిన వేరు, కాడ మొదలు దగ్గర నుంచి, పక్కన కొలతకు ఒక అగ్గిపుల్ల, ఇంకొకటి నిలువుగా చీల్చిన తర్వాత. జనుము దున్నిన తేదీ, విత్తిన తేదీ కూడా రాయండి.